ఎండ పడని గోవిందమ్మ

అది 1963 వేసవి. మైపాడు దగ్గర సముద్రపు ఒడ్డున, చేపలు పట్టేవాళ్లుండే ఒక పట్టపుపాలెంలో నేను మిడ్‌వైఫ్‌గా, అంటే కాన్పులు చేసే నర్సుగా, అప్పటికి ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. కాన్పులు చేయడం, పసిబిడ్డల్ని తూచడం, తల్లులకు బుద్ధులు చెప్పడం నా పని. చివరిది నాకు మహా ఇష్టం. మా నాన్న చర్చిలో ఉపదేశి. ఎవరూ అడక్కపోయినా చెప్పే గుణం నాకు ఆయన నుంచే వచ్చింది.

ఒకరోజు పాలెం పెద్ద నన్ను పిలిపించాడు.

"నాగమ్మ బిడ్డకు పెద్దరోగం వచ్చినట్టుండాది నర్సమ్మా. నువ్వు చూసి అవునంటే పాలెం బయట గుడిసె ఏసి ఆడ పెడతాం. మిగతా బిడ్డలుండారు గదా" అన్నాడు.

పెద్దరోగమంటే కుష్ఠు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడంతే.

నాగమ్మ కూతురు గోవిందమ్మకు ఐదేళ్లు. ఆ పాలెంలో ఆ వయసు ఆడబిడ్డలకు ఒక పని ఉంటుంది. ఇసుకలో పరిచిన చేపలు ఎండేదాకా పక్కన కూర్చుని కాకుల్ని తోలాలి. నేను వెళ్లేసరికి ఆ పిల్ల కళ్లు చికిలించుకుని, తాటాకు ఊపుతూ అదే పని చేస్తోంది. మొహం నిండా, చేతుల నిండా నల్లమచ్చలు, మధ్యమధ్య తెల్లవి. పెదవులు పగిలాయి. ముక్కు మీద మానని పుండు ఒకటి. చూడగానే నాకూ పెద్దరోగమే అనిపించింది.

అయినా పరీక్ష చేయాలి కదా. కుష్ఠు మచ్చకు సాధారణంగా స్పర్శ ఉండదు. పిల్లను గుడిసెలోకి తీసుకెళ్లి, కళ్లు మూయించి, దూదిపోగుతో ఒక్కో మచ్చనూ తాకాను. తాకిన ప్రతిచోటా "ఈడ, ఈడ" అని వేలు పెట్టి చూపిస్తూ కిలకిలా నవ్వింది. రవిక విప్పి చూద్దును గదా, వీపూ పొట్టా నున్నగా ఉన్నాయి. గుడ్డ కప్పిన ఒళ్లంతా బాగుంది. ఎండ తగిలిన చోటే పాడైంది.

"ఎప్పటినుంచి ఇట్లా ఉంది?" అని నాగమ్మను అడిగాను.

"బిడ్డకు మూడో నెల్లోనే నీకు చెప్పినా గదా నర్సమ్మా. నూనె రాసి ఎండలో పండబెడితే బొబ్బలు లేస్తా ఉండాయని. నూనె మంచిది కాదు, అది మార్చు, ఎండ మాత్రం మానొద్దని నువ్వే చెప్పినావు."

నాకు గుర్తొచ్చింది. పొద్దుటెండ పసిబిడ్డ ఎముకలకు బలమని ప్రతి తల్లికీ చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ ఈ తల్లి బొబ్బలంటే నేను చెవిన పెట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాదే నాగమ్మా" అన్నాను.

"నువ్వేమన్నా కావాలని జేసినావా? ఇప్పుడేం జెయ్యాల్నో అది చెప్పు" అంది.

పెద్దరోగం కాదని పాలెం పెద్దకు గట్టిగా చెప్పి, బిడ్డకు నా చీర కప్పి, తల్లీబిడ్డల్ని మద్రాసు తీసుకెళ్లాను. అక్కడి చర్మవైద్యుడు చూడగానే పోల్చాడు. జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అన్నాడు. పుట్టుకతో వచ్చే జబ్బు. ఎండ సోకిన చర్మం పాడై, పోనుపోను క్యాన్సర్ పుండ్లు వేస్తుంది. ముక్కు మీది పుండు కోసి తీశారు. నాగమ్మ మొగుడు పోలయ్య ఆమెకు సొంత మేనమామ అని విని, దగ్గరి సంబంధాల్లో ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తుందని చెప్పాడు.

"దీనికి మందు లేదు. ఎండ తగలనివ్వకండి. అదే వైద్యం" అన్నాడు.

నీడే లేని సముద్రపు ఒడ్డున ఎండ తగలకుండా బతకడం ఎట్లా? దారి చూపింది నేను కాదు, పోలయ్య. గుడిసె కప్పు మీద తాటాకు ఇంకో వరస వేశాడు. గుమ్మానికి ఎదురుగా దడి కట్టాడు. లోపల కూతుర్ని కూర్చోబెట్టుకుని, చినిగిన వలలు బాగుచేయడం నేర్పాడు. అది ఆ పాలెంలో మగవాళ్ల పని. ఆడపిల్ల చేతికి వలసూది ఇచ్చాడని నవ్వినవాళ్లు, రెండేళ్లు తిరక్కుండానే తమ వలలు మోసుకొచ్చి ఆ గుమ్మంలో పడేశారు. పొద్దు వాలాక పిల్లలంతా ఆటలకు అక్కడికే చేరేవాళ్లు.

ఏటా పరీక్షకు మద్రాసు వెళ్లేవాళ్లం. 1969లో వెళ్లినప్పుడు డాక్టరు ఉత్సాహంగా ఉన్నాడు. జబ్బుకు మూలం విదేశాల్లో కనుక్కున్నారట.

"ప్రతి మనిషి ఒంట్లోనూ డీఎన్ఏ అనే సన్నటి పోగు ఉంటుంది. ఒళ్లు ఎట్లా తయారవాలో దాంట్లోనే రాసి ఉంటుంది. ఎండకు అది అందరిలోనూ దెబ్బతింటుంది. మామూలుగా ఒళ్లే దాన్ని బాగుచేసుకుంటుంది. ఈ పిల్లలో ఆ బాగుచేసే జన్యువు పనిచేయడం లేదు. ఏ జన్యువైనా జంటగా ఉంటుంది. ఈమెకు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడినదే వచ్చింది. వాళ్లకు ఒక్కోటి మంచిది కూడా ఉంది కాబట్టి జబ్బు రాలేదు" అని ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను.

"అయితే నేను జేసిన పాపం కాదా సామీ?" అంది నాగమ్మ.

"కాదమ్మా. ఎవరి పాపమూ కాదు."

నాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. పదకొండేళ్ల గోవిందమ్మ మాత్రం ఏదో ఆలోచిస్తూ కూర్చుంది.

"అందరి వలా చినుగుతాది. వాళ్లది బాగవతాది, నాది కాదు. అంతే గదా నర్సమ్మా?"

"అంతే తల్లీ."

"అయితే నా వల నేను ఎండలో ఎయ్యకుండా ఉంటే సరి. ఎయ్యని వల చినగదు గదా."

డాక్టరుకు తెలుగు అంతంతమాత్రం. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని, అర్థమయ్యాక ఆ పిల్ల తల నిమిరాడు. ఎన్నేళ్లు బతుకుతుందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ ఏడాది ఆమెకు కొత్త పుండు ఒక్కటీ రాలేదు. మాకు అది చాలు.

పొద్దుటెండ గురించి తల్లులకు ఇప్పటికీ చెబుతాను. కానీ వారం తిరక్కముందే మళ్లీ వెళ్లి, బిడ్డ ఎట్లా ఉందని అడుగుతాను. ఏ తల్లయినా "బిడ్డకు ఎండ పడలేదమ్మా" అంటే, ముందు బిడ్డను నీడలోకి తెమ్మంటాను. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.