కుడి రొమ్ము మీద పతకాలు

మా తమ్ముడు సరిహద్దులో చనిపోయాడు. ఎలా చనిపోయాడో మాకు తెలియదు. విధి నిర్వహణలో అన్నారు, అంతే. అప్పుడు అక్కడి సేనలన్నీ ఒక జనరల్ కింద ఉండేవి. అర్జీ పెడితే, అది ప్రభుత్వం చెప్పాలన్నాడు. తర్వాత ఆయన రిటైరయ్యాడు, పార్టీలో చేరాడు, గెలిచాడు, రక్షణ మంత్రి అయ్యాడు. మళ్ళీ అర్జీ పెడితే, అది సైన్యం చెప్పాలన్నాడు. మనిషి ఒకడే, కుర్చీలు రెండు, రెండింటి నుంచీ జవాబు లేదు. ఈ మాట హిందూపురం సభల్లో బల్ల గుద్ది చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఆ మంత్రి ధర్మవరంలో నేతగాళ్ళ సభకు వస్తున్నాడని తెలిసింది. యూనిఫాంలో సెల్యూట్ చేస్తున్న ఆయన బొమ్మతో పట్టు శాలువా నేసే పని మా నాయనకు వచ్చింది. శాలువా తానే కప్పుతానన్నాడు నాయన. అప్పుడు తమ్ముడి సంగతి అడగాలని ఆయన ఆలోచన.

పెనుకొండ నుంచి నేను ధర్మవరం ఇంటికి వెళ్ళేసరికి శాలువా మగ్గం మీంచి కోసి పరిచారు. మగ్గం మీద బట్ట ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడికి కనిపించేది వీపే. పువ్వు, మామిడిపిందె ఎటు తిరిగినా ఒకటే. నాయన మనిషిని నేయడం అదే మొదటిసారి; బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు మారిపోయింది.

"ఏమప్పా, మీ జనరల్ ఎడమచేత్తో సెల్యూట్ కొడ్తాండాడే!" పక్కింటాయన నవ్వాడు.

పతకాలు కూడా కుడి రొమ్ము మీదికి వచ్చాయి. మళ్ళీ నేసే వ్యవధి లేదు.

"మడత పెట్టి కప్పుతాలే, ఆయప్పకు యాడ కనపడ్తాది," అన్నాడు నాయన.

కనపడింది. వేదిక మీద మంత్రి శాలువా విప్పి చూసి, నవ్వి, హిందీలో ఏదో అన్నాడు. పక్కనున్న నాయకుడు మైకులో తెలుగు చేశాడు: "కుడి పక్క పతకాలు పెట్టుకునేది చనిపోయిన జవాన్ల ఇంటివాళ్ళేనంట!"

హాలంతా నవ్వు. మంత్రి నాయన భుజం తట్టాడు. నాయన కాసేపు అక్కడే నిలబడి, దిగి వచ్చాడు.

"అడిగినావా నాయనా?"

"లేదప్పా."

"యాల?"

"ఆ మాట అన్న్యాక, నీ ఇంట్లో ఎవురన్నా అట్ల పోయినోళ్ళు ఉన్న్యారా అని అడుగుతాడేమో అని చూస్తా నిలబడినా. అడగల్యా."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆటోలో ఇంటికి వచ్చాం.

"రేప్పొద్దున మామిడిపిందెల చీర మగ్గానికి ఎక్కించల్ల," అన్నాడు నాయన.

సరేనన్నాను.