సగం పాటకు నిండు శాలువా

మూడు నెలలపాటు బాత్‌రూం తలుపేసుకుని ఒకే పాట సాధన చేశాను. ఈ సాయంత్రం బేతంచెర్లలో, బండల వ్యాపారుల సంఘం వార్షికోత్సవంలో, మొదటిసారి ఒంటరిగా మౌత్ ఆర్గాన్ వాయించాను. భయం తగ్గి, నాకిష్టమైన చరణంలోకి వచ్చానో లేదో, అధ్యక్షులవారు శాలువాతో వేదిక ఎక్కారు. ఆయన ఏదో పెళ్లికి వెళ్లాలట. వాయిస్తుండగానే కప్పేశారు.

"పాపా, అది నోట్లోంచి తియ్యి, మొగం కనపడల్యా!" అని ఫొటోగ్రాఫర్ అరిచాడు.

"ఇంకా సగం పాట ఉందండీ" అని చెప్పడానికి తీయక తప్పలేదు. ఆ క్షణంలోనే ఫొటో కొట్టేశాడు.

"పాట యాడికి పోతాది లేమ్మా, సార్ పోతాండాడు!" అన్నాడు.

హాలంతా చప్పట్లు కొట్టింది. నా కచేరీ అయిపోయింది.

మిగతా సగం నా దగ్గరే ఉంది. ఎవరైనా వింటారా? శాలువా మాత్రం తేవద్దు.