బాపు ఎడమచేతికి నేను వేసిన మూటముడి

మా బాపుని, అంటే మా నాన్నని, నేను కుర్చీకి కట్టేశానని భోపాల్‌పట్నం బజారంతా చెప్పుకుంది. పచ్చి అబద్ధం! బాపు మొత్తాన్ని కట్టలేదు, ఒక్క చెయ్యే కట్టాను. అదీ బాగున్న చెయ్యి. ఆగండి, తిట్టడానికి తొందరపడకండి. మొత్తం విన్నాక ఇంకా తృప్తిగా తిట్టుకోవచ్చు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బాపుకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. జగదల్‌పూర్ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కాలు కొంచెం కొంచెం మాట విన్నది. చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవనంది. ఎడమచేత్తో అన్నం తినాలంటే బాపుకి చచ్చేంత సిగ్గు. ఎవరైనా వస్తే చాలు, కంచం పక్కకు నెట్టేసేవాడు. రోజుకి పదిమంది పలకరించడానికి వచ్చే ఊరు మాది, ఇక తినేదెప్పుడు? మనిషి సగమైపోయాడు. ఇలాగే చిక్కి నా చేతుల్లోంచి జారిపోతాడేమోనని నాకు ఒకటే భయం. తెల్లారకముందే లేపి, "బాపూ, ఏలు కదుల్తుందా?" అని అడిగేవాణ్ణి. బాపు నన్నో చూపు చూసి అటు తిరిగి పడుకునేవాడు.

వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ మేడం హిందీలో విడమరిచి చెప్పింది. కుడివేళ్లలో కదలిక మొదలైందట. కానీ పనంతా ఎడమచెయ్యే చేసేస్తుంటే అది నేర్చుకోదట. రోజూ అరగంట ఎడమచేతికి ఒక సాక్సు తొడిగి, కుడిచేత్తో గ్లాసు, బంతి పట్టించమంది. పక్కనే కూర్చోమంది. "జీ మేడం, జీ మేడం" అని తల ఊపాను. ఆవిడ గడప దాటగానే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. అదే వచ్చిన చిక్కు. అరగంటకే గుణం కనబడితే, పూటంతా ఉంచితే ఇంకెంత గుణం?

సాక్సుని బాపు పళ్లతో పీకి పారేశాడు. మాది బట్టల దుకాణం, మూట కట్టడంలో నన్ను మించినవాడు లేడని నాకో గర్వం. మర్నాడు పొద్దున ఎనిమిదికి బాపు ఎడమచేతిని కుర్చీ చేతికి ఆనించి, గుడ్డపేలికతో మూటముడి బిగించాను. రాయపూర్ నుంచి లారీలో ఎగిరెగిరి పడుతూ వచ్చినా ఊడని ముడి అది! ఎదురుగా స్టూలు మీద పప్పన్నం పెట్టి, "కుడిచేత్తోని తిను బాపూ, ఎవ్వరు రారు" అని చెప్పి ముందున్న దుకాణంలోకి వెళ్లాను. బేరాల్లో పడ్డాను. పదకొండయింది.

అప్పుడే బాపు అక్క, అంటే మా మేనత్త, మద్దేడ్ నుంచి వచ్చిన బస్సు దిగి నేరుగా లోపలికి వెళ్లింది. ఆమె వేసిన కేక ఇంద్రావతి నది అవతలి ఒడ్డుకి వినబడి ఉంటుంది. నేను పరుగున లోపలికి వచ్చాను.

"ఓరి నీ పాడుగాను! గిదేందిరా, నా తమ్ముని దొంగను కట్టేసినట్టు కట్టేసినవ్?"

"గది ఎక్సర్‌సైజ్ అత్తా!"

"అన్నం ముంగట వెట్టి చెయ్యి కట్టుడు ఎక్సర్‌సైజా? ఎవ్వలు చెప్పిండ్రురా నీకు?"

ఆమె ముద్ద కలిపి బాపు నోటికి అందించబోయింది. "తినిపియ్యకు, ఎక్సర్‌సైజ్ చెడిపోతది!" అంటూ నేను కంచం లాక్కున్నాను. సరిగ్గా ఆ క్షణానే ఇరుగుపొరుగు గుమ్మంలోకి వచ్చారు. ఒకరు హిందీలో, ఒకరు హల్బీలో, ఒకరు గోండీలో నా గురించి మాట్లాడుకున్నారు. ఏ భాషలోనూ మంచిగా లేదు.

కంచం స్టూలు మీద పడేసి ముడి విప్పబోయాను. రాదే! కత్తెరతో కోశాను. బాపు ఎడమచెయ్యి ధబ్బున ఒళ్లో పడింది. వేళ్లు పాలిపోయి చల్లగా ఉన్నాయి.

"బాపూ, చెయ్యి లేపు!"

లేవలేదు. "రెండో పక్క గూడ పోయిందత్తా!" అని అరిచి, మేడంకి ఫోన్ చేసి భోరుమన్నాను.

"ఆ చేతికి ఏం చేశారు?"

"కట్టాను మేడం."

"ఎంతసేపు?"

"మూడు గంటలు."

"మెల్లగా రుద్దండి. రంగు రాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీరు మాత్రం ఏమీ ఆలోచించకండి" అంది.

అత్త రుద్దుతుంటే నేను బాపు వేళ్లనే చూస్తున్నాను. రంగు తిరిగింది. చిటికెన వేలు కదిలింది. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. అందరి కళ్లూ ఎడమచేతి మీదే ఉండగా కంచం చప్పుడైంది.

బాపు కుడిచెయ్యి కంచంలో ఉంది! మూడు వేళ్లు తడబడుతూ అన్నాన్ని పోగుచేశాయి. సగం చొక్కా మీద ఒలికింది, నాలుగు మెతుకులు నోట్లోకి వెళ్లాయి. అంతమంది ముందు, సిగ్గు లేకుండా!

బాపు నమిలి, మింగి, పప్పంటిన ఆ చేతిని నా వైపు ఊపి, జబ్బు చేశాక మొదటిసారి అందరికీ అర్థమయ్యేలా మాట్లాడాడు.

"ముందుగాల... వీన్ని కట్టుండ్రి."

తమ్ముడి మాట మా అత్త ఎన్నడూ జవదాటలేదు. ఆ మధ్యాహ్నం అరగంటపాటు, గడియారం చూసి మరీ, నన్ను అదే కుర్చీలో కట్టి ఉంచారు. ఆ కుర్చీలోనే సకల జనుల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో వైద్యులు అరగంట అంటే అరగంటే. ముప్పై ఒకటో నిమిషం ఎంత బతిమాలినా దాని మొహం చూడను.