ఈనెపుల్ల బాణాలు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. సిటీ బస్సులో పక్కవాడు దగ్గినా నేను జేబు తడుముకునేవాణ్ణి. అలాంటిది, నేను కూర్చుని చేసిన బాణాలను ఎవరో ఎత్తుకుపోతుంటే ఊరుకుంటానా?

స్టీల్ ప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజులవి. ఆటోనగర్‌లో ఒక లేతు షాపులో పనిచేసేవాణ్ణి. కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన నాన్న పక్షవాతంతో మంచం పట్టారు. వీపంతా పుళ్ళు. రోజూ పొద్దున్నే పక్కింటి మిత్రుడు డ్యూటీకి వెళ్తూ వచ్చి, నాతో కలిసి ఆయన్ని పక్కకు తిప్పి వెళ్ళేవాడు.

ఆ మంచానికి ఎదురుగానే అమ్మ దసరాకి బొమ్మల కొలువు పెట్టేది. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి. ఒకసారి మెట్టెక్కిన బొమ్మను కొలువు ఎత్తేదాకా కదపకూడదు. చివరిరోజు ఒక బొమ్మను పడుకోబెడితే కొలువు ముగిసినట్టు. ఇదీ అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆనవాయితీ.

ఆ ఏడు కొత్త బొమ్మ నేను తెచ్చాను. సింహాచలం కొండ కింద కొన్న గడ్డం ముని, జానెడు కూడా ఉండడు. నాకేం బుద్ధి పుట్టిందో, ఆయన్ని యుద్ధంలో పడిపోయిన తాతగారిని చేసి బాణాల పడక మీద పడుకోబెట్టాలనుకున్నాను. కొబ్బరి ఈనెపుల్లను బ్లేడుతో సన్నగా గీకి, తోక దగ్గర పావురం ఈక తునక అతికించి, పాలడబ్బా రేకు కత్తిరించి ములుకు పెట్టాను. జిగురు ఆరేలోగా తుమ్మితే బాణం ఎగిరిపోయేది. చెక్కపలకకు బెజ్జాలు వేసి బాణాలన్నీ నిలువునా గుచ్చి, ములుకుల మీద బొమ్మను ఆనించాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అమ్మ మాత్రం మొహం అదోలా పెట్టింది. "మొదటిరోజే పడుకోబెట్టావేంట్రా?" అంది. అప్పటికే బొమ్మ మెట్టెక్కింది, ఇక కదపకూడదు. ఆవిడ ఆనవాయితీయే ఆవిడ నోరు మూయించింది.

మర్నాడు సాయంత్రం చూస్తే పలకలో ఒక బెజ్జం ఖాళీ. కొత్త బాణం చేసి గుచ్చాను. ఆ మర్నాడు మరోచోట ఖాళీ. పిల్లిని అనుమానించాను, కాకిని అనుమానించాను. చివరికి నా చూపు పక్కింటి వాడి నోటి మీద పడింది. వాడికి ఎప్పుడూ పుల్లతో పళ్ళు కుట్టుకునే అలవాటు. పైగా వాళ్ళింట్లో కొలువు ఆచారం లేదు, వాటి విలువ వాడికేం తెలుసు? దొంగ దొరికాడనుకున్నాను. పొద్దున నాన్నను తిప్పుతున్నంతసేపూ వాడి నోట్లో పుల్లకి ఈక గుర్తులున్నాయేమోనని చూస్తూనే ఉన్నాను.

"ఏటి బావ, అలా సూత్తన్నావ్?" అన్నాడు.

"నా బాణాలు ఏం చేస్తున్నావ్?" అని అడిగేశాను.

"నీ బాణాలు నాకెందుకు బావ? మా ఇంట్లో సీపురు నేదేటి?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ దీపానికి వత్తులు చేసుకుంటూ తల ఎత్తలేదు. "నాను తియ్యనేదు బావ," అని మెల్లగా అని వెళ్ళిపోయాడు. మర్నాడు రాడనుకున్నాను. వచ్చాడు, నాన్నను తిప్పాడు, నాతో మాట్లాడకుండా వెళ్ళాడు. తప్పు చేసినవాడే అలా ఉంటాడని నా అనుమానం ఇంకా గట్టిపడింది.

ఆరోజు షాపు నుంచి పెందలాడే వచ్చి, చప్పుడు చేయకుండా గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ కొలువు ముందు వంగి ఉంది. బొమ్మ కదలకుండా ఒక బాణం లాగేసి, ఈసారి ఆ సందులో వత్తుల దూది కూరుతోంది. నాన్న మంచం మీద నుంచి అదే చూస్తున్నారు.

"అమ్మా!" అన్నాను. ఉలిక్కిపడి, అంతలోనే నామీదకే వచ్చింది.

"బొమ్మని కదపకూడదు గాని, పుల్లలు తియ్యకూడదని ఎక్కడుంది? అక్కడ మీ నాన్న వీపు అలా ఉంటే, ఇక్కడ ఈ ముసలాయన్ని ములుకుల మీద పడేస్తావా? పుల్ల తీసిన రాత్రి మీ నాన్న కాసేపు నిద్రపోయారు రా."

"మరి నేను వాణ్ణి అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"వాడు చూశాడు. చెప్పొద్దని నేనే అన్నాను. చెబితే నువ్వు నన్ను ఒక్కటీ తియ్యనివ్వవుగా."

నిద్ర పట్టింది మందు వల్లనేమో అని నోటిదాకా వచ్చింది. నాన్న పనిచేసే చెయ్యి కొద్దిగా లేపి కొలువు మెట్ల వైపు చూపించారు, కానిమ్మన్నట్టు. నాకు ఏడుపొచ్చింది. గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటి వాణ్ణి కేకేశాను.

"ఏటి బావ, మళ్ళీ పోయాయేటి?" అంటూనే వచ్చాడు.

"పోలేదు. తియ్యాల్సినవి ఇంకా ఉన్నాయి," అన్నాను.

వాడికి అర్థమైంది. పొద్దున నాన్న భుజం పట్టుకున్నంత జాగ్రత్తగా, రెండు వేళ్ళతో బొమ్మ భుజం పట్టుకున్నాడు. అమ్మ చేతిలోని దూదిలో సగం తుంచుకుని, కాళ్ళ వైపు నుంచి నేను బాణాలు తియ్యడం మొదలుపెట్టాను.