కోల్డ్ స్టోరేజీలో పూల విత్తనాలు

మెడో రూ చల్లటి కొండల్లో పెరిగే పూలమొక్క. ఊదా, తెలుపు, పసుపు, మూడు రకాల విత్తనాలూ తెప్పించాను. మొలవాలంటే ముందు బాగా చలి తగలాలట. అందుకని మా మిరపకాయల బస్తాల పక్కనే రెండు నెలలు కోల్డ్ స్టోరేజీలో పెట్టించాను.

కుండీల్లో చల్లితే తెల్ల రకం ఒక్కటే మొలిచింది. ఆకు అచ్చం కొత్తిమీరలా ఉంది. పక్కింటి రైతు ఒక ఆకు తుంచి, నలిపి చూసి, "వాసనే లేదేందండీ?" అన్నాడు.

"వాసన కోసం వేశానా?" అని కసిరాను.

ఉగాది దాటేసరికి అవీ మాడిపోయాయి.

మొన్న ఈ ఏటి బస్తాలు వేయడానికి వెళ్తూ, మిగిలిన విత్తనాల పొట్లం జేబులో పెట్టుకున్నాను. స్టోరేజీ తలుపు తియ్యగానే చలి ఒంటికి కొట్టింది. ఈ చుట్టుపక్కల ఆ మొక్క బతికేంత చలి అక్కడొక్కచోటే ఉంది.

అక్కడ వెలుతురు లేదు.