నలభై మూడు నోటుబుక్కుల తనిఖీ

గోదావరిఖనిలో మేమున్న క్వార్టరులో, ఇనుప బీరువా కింది అర నిండా నా నోటుబుక్కులే ఉండేవి. మొత్తం నలభై మూడు. బొగ్గుపొడి పడకుండా ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కొన్న తేదీ రాసిన చీటీ పైన అంటించేదాన్ని. లోపల మాత్రం ఏమీ రాయలేదు, ఒక్కదానిలో తప్ప.

అన్నీ చౌరస్తా దగ్గరి ఒకే దుకాణంలో కొన్నవి. అట్ట మీద రెండు వందల పేజీలని ఉంటుంది. లెక్కపెడితే నూట తొంభై రెండే వస్తాయి. అట్టలను కూడా పేజీల్లో కలిపారని దుకాణం ఆయన చెప్పాడు. అయినా కొనే ముందు ప్రతిసారీ లెక్కపెట్టేదాన్ని.

"అమ్మా, మీ లెక్క అయ్యేలోపల నేను నమాజుకు పోయొస్త. దుకాణం జర చూస్తుండుండ్రి" అనేవాడు. రెండుసార్లు నిజంగానే పోయి వచ్చాడు. ఆ రెండుసార్లూ ఎవరూ రాలేదు.

మావారు గనిలో ఓవర్‌మన్. కార్మికులు పనిలోకి దిగే ముందు చోటు చూసిరావడం ఆయన డ్యూటీ. పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వింటారు. బాగుంటే సుద్దముక్కతో అక్కడే తేదీ వేసి సంతకం పెడతారు. బాగుండకపోతే ఇంటూ గుర్తు వేస్తారు, ఇక అటు ఎవరూ పోకూడదు. ఆయన రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. మంచిర్యాలలో రెండు గదుల ఇల్లు దొరికింది. అందులో బీరువా పట్టదు.

"రాసిన బుక్కులు మనెంట తీస్కవోదాం. రాయనియి బడి పిల్లలకిద్దాం. ఐతారం నాడు నేనే చూస్త" అన్నారు.

అది గురువారం. శుక్రవారం, శనివారం మధ్యాహ్నాలు కూర్చుని, నలభై రెండు బుక్కుల మొదటి పేజీల్లో చీటీల మీది తేదీలు వేసి, ఒక్కో వాక్యం రాశాను. 'ఈ రోజు ఎండ బాగా ఉంది.' 'ఈ రోజు నల్లా రాలేదు.' వాన వాక్యాలు వానాకాలం తేదీల కిందే వేశాను. అబద్ధమైనా పద్ధతి ఉండాలి కదా.

ఆదివారం ఆయన కళ్లజోడు పెట్టుకుని, జేబులో సుద్దముక్క వేసుకుని వచ్చారు. మొదటి బుక్కు తెరిచి, అక్షరాల మీద వేలు రుద్దారు. వేలికి నీలం అంటింది.

"పదేండ్ల కింద రాసింది ఇంక ఆరలేదా?"

"ఇక్కడ గాలి ఆడదు" అన్నాను.

"ఓవర్‌మన్ పెండ్లానివై గిదా నేర్చుకున్నది? చోటుకు పోకుంటనే సంతకం వెట్టిన రిపోర్టు లెక్కున్నది. గిసొంటోన్ని ఒక్కన్ని పట్టి మేనేజరు దొరకు జెప్పిన, ఎర్కేనా?"

"నా గురించి ఏ దొరకు చెప్తరు?"

ఆయన నవ్వలేదు. ఒక్కోటీ తెరిచి, రుద్ది, అట్ట మీద ఇంటూ వేస్తూ పోయారు. నలభై రెండు ఇంటూలు. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను.

నలభై మూడోది చిన్నది, మొట్టమొదట కొన్నది. పెళ్లయిన ఏడాది రాసింది. రూళ్లు గీసి నాలుగు గడులు చేశాను: తేదీ, షిఫ్టు, ఆయన పోయిన టైము, వచ్చిన టైము. ఇరవై ఆరు పేజీలు తప్పు లేకుండా సాగి, చివరి వరుసలో నాలుగో గడి ఖాళీగా ఉంది. తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

"గీడ ఎందుకు రాయలే?"

"ఆ రోజు మీ గనిల పైకప్పు కూలిందని వాడంత మోగింది. మొదటి షిఫ్టు మీరు. మూడున్నరకు రావాలె. ఎప్పుడొచ్చిండ్రో నేను గడియారం చూడలె."

నడుమ ఒక గడి తప్పిన లెక్క లెక్క కాదు. అందుకని మరునాడే ఇంకో నోటుబుక్కు కొన్నాను, మొదటి నుంచి సరిగ్గా రాద్దామని. ఏ తేదీ నుంచి మొదలుపెట్టినా ఆ కప్పు కూలిన రోజు లెక్కకు బయటే ఉండిపోతుంది, మొదలే పెట్టలేకపోయేదాన్ని. అట్లా నలభై రెండు కొన్నాను. ఇదంతా ఆయనకు చెప్పడం అదే మొదటిసారి.

ఆయన ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టారు.

"రిపోర్టుల ఒక లైను తప్పితె కొత్త బుక్కు తియ్యరే. గాడనే సరిజేసి, సంతకం వెట్టి, కింది లైనుకెల్లి రాస్తరు" అన్నారు. "ఆ రోజు పైకొచ్చి ల్యాంపు రూముల ల్యాంపు వాపసిచ్చినప్పుడు ఆరున్నర. గడియారం నా ఎదురంగనే ఉండె."

"సైకిలు మీద ఇంటికి పావుగంట" అన్నాను.

నాలుగో గడిలో ఆరూ ముప్పావు అని రాశాను. మూడుంబావు గంటల ఆలస్యం. ఆయన పక్కన సంతకం పెట్టారు.

తర్వాత తడిగుడ్డ తెచ్చి, నలభై రెండు అట్టల మీది సుద్ద ఆయనే తుడిచారు. పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో సర్ది మూత వేశాను. ఆయన కర్రతో మూత తట్టి, చెవి పెట్టి విని, దాని మీద తేదీ వేసి సంతకం పెట్టారు.

మంచిర్యాలలో ఆయన పొద్దున కూరగాయలకు పోతారు. పోయిన టైము, వచ్చిన టైము రాస్తున్నాను. షిఫ్టు గడిలో 'మార్కెట్' అని వేస్తాను. చిన్న బుక్కులో ఇంకా పద్నాలుగు పేజీలు ఉన్నాయి. ఆ తర్వాతికి నలభై రెండు ఉన్నాయి, మొదటి పేజీ పాడైనవి.