ఎర్ర గ్రహం మీద మా చిన్నాన్న హిందీ

నా చిన్నప్పుడు నాకూ కాకులకూ పడేది కాదు. ఇప్పుడూ పెద్ద స్నేహం లేదు. మా జాలారిపేటలో ఇసుక మీద ఎండబెట్టిన చేపల్లో మంచివి చూసి ఏరుకుతిని, అరిగించుకోవడానికి సరిగ్గా పక్కింటి అక్కావాళ్ల టీవీ యాంటెన్నా మీదకే వచ్చేవి. పేటలో అన్ని చూరులుండగా వాటికి అదే ఎందుకు నచ్చిందో తెలీదు. ఒక కాకి వాలితే బొమ్మ వంకరపోయేది. రెండోది వాలితే బొమ్మే పోయేది.

పేట మొత్తానికి అప్పట్లో టీవీ ఉన్నది ఆ ఇంట్లోనే. అక్క మొగుడు స్టీల్ ప్లాంటులో పని చేసేవాడు. ఆదివారం పొద్దున్న ఢిల్లీ నుంచి ఒక హిందీ సీరియల్ వచ్చేది. అందులో హీరో ఏదో గ్రహం మీద ఒక్కడే చిక్కుకుపోయి ఉంటాడు. అది నలుపు తెలుపు టీవీ కాబట్టి గ్రహం బూడిదలా కనిపించేది. అది ఎర్రగా ఉంటుందని మా చిన్నాన్న చెబితే నమ్మాం. హీరో ప్రతివారం తన విరిగిన ఓడను బాగుచేసి పైకి లేపుతాడు. గ్రహం చుట్టూ తిరిగే రాళ్లు దాన్ని కొట్టి కింద పడేస్తాయి. అతను లేచి, దుమ్ము దులుపుకొని, మళ్లీ స్పానర్ అందుకుంటాడు. కథ అంతే. అంతకు మించి మాకూ అక్కర్లేకపోయింది.

హిందీ వచ్చింది మా చిన్నాన్న ఒక్కడికే. ఆయన పోర్టులో కళాసీ. ఉత్తరాది నుంచి సరుకు తెచ్చే లారీ డ్రైవర్లతో రోజూ మాట్లాడతాడు గనక, ఆయన పాండిత్యాన్ని శంకించే అర్హత పేటలో ఎవరికీ లేదు. టీవీ పక్కన పీట వేసుకుని కూర్చుని, హీరో ఒక మాట అనగానే మాకు తెలుగులో అప్పజెప్పేవాడు.

పేట మగవాళ్లకు రాకెట్ల సంగతి తెలీదు. తెప్పను ఒడ్డు మీంచి తోసి కెరటాలు దాటించడం తెలుసు. రెండూ ఒకటేనని వాళ్ల నిశ్చితాభిప్రాయం.

"కెరటం సూసుకోకుండా తోసేత్తన్నాడు బావా. ఒకటి ఇరిగినాక దాని ఎనకాలే ఎల్లాల."

"ఒక్కడూ ఏటి తోత్తాడు పాపం? మనోళ్లు నలుగురుంటే ఈపాటికి దాటిపోయేవోడు."

అతను ఓడిపోతున్నాడని మాత్రం ఎవరూ అనుకోలేదు. కెరటం తెప్పను తిరగేసి ఒడ్డున పడేస్తే మావాళ్లు చేసేదీ అదే. తడిసిన వల సర్దుకుని మళ్లీ భుజం ఆనిస్తారు. ఇది ఎన్నోసారి అని ఒడ్డున ఉన్నవాళ్లు అడగరు. అడగడం మా పేటలో మర్యాద కాదు.

ఆ ఏడు నేను ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష తప్పాను. లెక్కల్లో. మార్కులు ఎన్నో చెప్పడం అనవసరం, చెప్పుకోదగ్గ సంఖ్య కాదు. మా మామ్మ వెంటనే తీర్పు చెప్పేసింది.

"సదువు మనకి అచ్చిరానేదే. రొయ్యల షెడ్డుకి నాతో ఒచ్చీ. రొయ్యలొలవడానికి లెక్కలెందుకు?"

మా నాన్న "దాని ఇష్టం" అన్నాడు. నా ఇష్టం కూడా షెడ్డే. నిన్నటిదాకా నా దగ్గర అక్షరాలు దిద్దించుకున్న ఎదురింటి పిల్ల పక్కన, అదే తరగతిలో, అదే బెంచీ మీద కూర్చోవడం కంటే జన్మంతా రొయ్యలు ఒలవడం నయమనిపించింది. సోమవారం బడి తెరుస్తారు. అదే సోమవారం షెడ్డుకు వస్తానని మామ్మకు మాటిచ్చేశాను. చిన్నాన్న ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం అనుమానించాల్సిన విషయం. నాకు తోచలేదు.

ముందురోజు ఆదివారం, సీరియల్ ఆఖరి భాగం. హీరో ఓడకు చేరగిలబడి తల వంచుకుని కూర్చున్నాడు. నోరు తెరిచి ఏవో రెండు ముక్కలన్నాడు. చిన్నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏటంతన్నాడంటే... తెప్ప ఒడ్డున పడితే ఓడిపోయినట్టు గాదు. పడితే ఒడ్డునే గదా పడతాది, ఇంకెక్కడ పడతాది? సిగ్గుపడి ఇంటికాడ కూకుంటే కెరటం గుమ్మంలోకి ఒచ్చి బతిమాలదు. పక్కన మనకంటే సిన్నోళ్లు నిలబడి తోసినా పరవానేదు, తోసే సెయ్యి తోసే సెయ్యే..."

తెర మీద అప్పటికి బట్టల సబ్బు ప్రకటన మొదలైంది. తర్జుమా మాత్రం సాగుతూనే ఉంది. మా మామ్మ ఉండబట్టలేకపోయింది.

"ఒరే, ఆడు అన్నది రొండు ముక్కలు గదరా. నువ్వింత సెప్తన్నావేటి?"

"హిందీ అంతేనమ్మా. సిన్న మాటలో పెద్ద అర్దముంతాది."

"మరి ఆ గ్రహం మీద తెప్పలేటిరా?"

"ఆడు సెప్పింది నాను సెప్తన్నాను. అడిగితే ఆడినడుగు."

ఆయన నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను మాత్రం టీవీ వదిలేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ప్రకటన అయిపోయింది. హీరో లేచి స్పానర్ అందుకున్నాడు. ఓడ కదిలింది. ఎవరు మొదలుపెట్టారో గాని గదంతా "హైలెస్సా" అందుకుంది, గుమ్మంలో నిలబడ్డవాళ్లతో సహా. ఓడ రాళ్లు దాటింది. ఈ దేశంలో రాకెట్టుకు హైలెస్సా పాడి పంపినవాళ్లు మేమేనని నాకు గట్టి నమ్మకం.

సోమవారం బడికెళ్లాను. పోర్టుకు వెళ్తూ దారిలో దింపుతానని చిన్నాన్న వెంట వచ్చాడు. పోర్టు అటువైపు కాదు. ఎదురింటి పిల్ల జరిగి చోటిచ్చింది. ఎన్నోసారి అని తరగతిలో ఒకమ్మాయి అడిగింది గాని, ఆ అమ్మాయిది మా పేట కాదు.

తరవాత డిగ్రీ చదివాను, ఆ తరవాత హిందీ టీచర్నయ్యాను. లెక్కల టీచర్ని అవుతానని ఎవరూ భయపడలేదు. రెండువేల సంవత్సరం దాటాక ఒకనాడు కేబుల్లో ఆ సీరియల్ మళ్లీ వేశారు. ఆఖరి భాగం ఈసారి నా సొంత హిందీతో విన్నాను. హీరో అన్న రెండు ముక్కలు ఇవీ: గాలి తగ్గిపోతోంది, ఎడమవైపు నట్టు వదులైంది. అంతే. సిగ్గు మాట లేదు, కెరటం లేదు. లేచి నట్టు బిగించడం మాత్రం అతని సొంతం. నేను ఇన్నేళ్లు మోసుకు తిరిగిన మాటలు మా చిన్నాన్నవి.

ఆ సంగతి తెలిశాక నాకు కలిగింది గర్వమే. ఢిల్లీ సీరియల్‌కు మా చిన్నాన్న మాటలు రాశాడని స్టాఫ్ రూములో చెప్పుకుంటాను. పరీక్ష తప్పి మళ్లీ అదే తరగతికి వచ్చే పిల్లలను ఎన్నోసారి అని ఈరోజుకీ అడగను. జరిగి కూర్చోమని పక్కవాళ్లకు చెబుతాను.

కేబుల్లో అది చూసిన సాయంత్రమే పేటకు వెళ్లాను. చిన్నాన్న అప్పటికి రిటైరై అరుగు మీద వల అల్లుతున్నాడు. హీరో అసలు ఏమన్నాడో హిందీలో చెప్పి, తెలుగులోనూ చెప్పాను. ఆయన చెయ్యి ఆగలేదు. వల మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఆడికి తోచనేదు, నాను సెప్పినాను. నువ్వు పాసైనావా, నేదా?"